అక్షరాలు మార్చి రాసిన రహస్యాన్ని అరగంటలో విప్పడం ఎలా?

'క' రావాల్సిన చోట 'గ' రాస్తాం, 'న' రావాల్సిన చోట 'ప' రాస్తాం. ఏ అక్షరానికి ఏ అక్షరమో చెప్పే పట్టిక మన దగ్గర ఉంటుంది. అది లేనివాళ్లకి మన రాత అంతా పిచ్చిరాతలాగే కనిపిస్తుంది. దీన్ని సబ్‌స్టిట్యూషన్ సైఫర్ అంటారు. రోమ్‌లో జూలియస్ సీజర్ ఒక్కో అక్షరాన్ని మూడు స్థానాలు జరిపి ఉత్తరాలు రాసేవాడు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కాలేజీల్లో బీటెక్ మినీ ప్రాజెక్టులు తిరగేస్తే 'ఎన్‌క్రిప్షన్ మాడ్యూల్' (రహస్య రాతగా మార్చే భాగం) అన్న గంభీరమైన పేరు కింద నేటికీ ఇదే కనబడుతుంది.

ఇది బలహీనమైనదని పాఠంలో చదువుకుంటే మార్కులొస్తాయి గానీ నమ్మకం కుదరదు. మీ చేత్తో మీరు ఒకదాన్ని విప్పి చూడాలి. కాగితం, పెన్సిలు, అరగంట తీరిక ఉంటే చాలు. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫర్వాలేదు.

మొదటి మెట్టు: చీర ట్యాగుతో చెయ్యి తిప్పుకోండి

బట్టల వ్యాపారంలో ఒక పాత పద్ధతి ఉంది. ట్యాగు మీద అమ్మే ధర అంకెల్లో ఉంటుంది. దాని పక్కన అర్థంకాని అక్షరాలు మూడో నాలుగో ఉంటాయి. అవి కొన్న రేటు. బేరంలో ఎంతదాకా దిగొచ్చో సేల్స్‌మన్‌కి తెలియాలి, కొనేవాళ్లకి తెలియకూడదు. అందుకని పది వేర్వేరు అక్షరాలున్న మాట ఒకటి ఎంచుకుని, వాటికి వరుసగా 1, 2, 3... 9, చివరిదానికి 0 అని పెట్టుకుంటారు.

విజయవాడ వన్‌టౌన్‌లో, వస్త్రలత బట్టల మార్కెట్ పక్క సందులో అలాంటి కొట్టు ఒకటి ఉందనుకోండి. కొట్టు నా ఊహే, లెక్క మాత్రం నిజంగానే కుదురుతుంది. మీకు ఐదు ట్యాగులు కనబడ్డాయి:

650 – రకమ
895 – మమల
1,250 – సనల
2,400 – వమలల
3,600 – కకమల

కిందకి చదివేముందు ఓ ఐదు నిమిషాలు మీరే ప్రయత్నించండి.

ఐదింట్లో నాలుగు కోడ్‌లు 'ల'తో ముగిశాయి. హోల్‌సేల్ రేట్లు సాధారణంగా సున్నాతో ముగుస్తాయి కాబట్టి ల అంటే 0. మిగిలిన 'రకమ' చివర సున్నా లేదు. సున్నా కాకపోతే 5 అయ్యే అవకాశమే ఎక్కువ, కాబట్టి మ అంటే 5 అనుకుందాం. అలాగైతే 895 చీర 'మమల' అంటే 550. నమ్మదగ్గ రేటే. 2,400 చీర 'వమలల' అంటే ఏదో-5-0-0. ఎవరూ కొన్న రేటుకన్నా తక్కువకి అమ్మకానికి పెట్టరు, 2,500 కుదరదు, అంటే 1,500. వ అంటే 1. 'కకమల'లో క 2 గానీ 3 గానీ కావాలి. 3,350కి కొన్నదాన్ని 3,600కి పెడితే ఈ కొట్టు మిగతా లాభాలతో పొసగదు, కాబట్టి 2,250. 'రకమ' ఇప్పుడు ఏదో-2-5. ఇదే నిష్పత్తిలో చూస్తే 425. ర అంటే 4.

ఇప్పటికి తేలినవాటిని వరసలో పెట్టి పైకి చదవండి: 1 వ, 2 క, 3 తెలీదు, 4 ర, 5 మ. వ... క... ర... మ... ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లకి తర్వాతది ఎవరూ చెప్పక్కర్లేదు. వెంకటరమణ! 3 ట, 6 ణ. మిగిలింది 7, 8, 9. 'సనల'లో స, న ఉన్నాయి, చివరి సున్నా 'ల' అని ముందే తెలుసు. వెంకటరమణ సన్నిధిలో. గుణింతాలు, సున్నా వదిలేసి, రెండుసార్లు వచ్చిన న ఒక్కసారే లెక్కేస్తే పది అక్షరాలు, పది అంకెలు. ఆ 1,250 చీర 780కి కొన్నది.

పది అక్షరాలని పది అంకెలకి అమర్చడానికి 36,28,800 విధాలున్నాయి. మీరు వాటిలో ఒక్కదాన్ని కూడా వరసపెట్టి పరీక్షించలేదు. ధరలకి ఒక స్వభావం ఉంది, వ్యాపారికి ఒక స్వభావం ఉంది. కోడ్ ఆ రెంటినీ దాచలేకపోయింది. ఆపైన, గుర్తుండాలని పెట్టుకున్న మాట గుర్తుపట్టడానికీ సులువైపోయింది.

అయినా ట్యాగు మీద ఈ కోడ్‌ని నేను తప్పుపట్టను. బేరమాడే రెండు నిమిషాలు అవతలివాళ్ల కంటపడకుండా ఉంటే దాని పని అయిపోయినట్టే. అదే పద్ధతితో కస్టమర్ల ఫోన్ నంబర్లు, అప్పు ఖాతాలు, పాస్‌వర్డ్‌లు దాచేశామని నిశ్చింతగా ఉంటేనే తంటా.

రెండో మెట్టు: తెలుగు చీటీని లెక్కపెట్టండి

ఇప్పుడు అసలు పని. కింది చీటీలో అచ్చులు, గుణింతపు గుర్తులు, సున్నాలు అలాగే ఉంచి, హల్లుల్ని మాత్రం తారుమారు చేశాను. పట్టికలో 18 హల్లులున్నాయి.

పాప్పగు మెర్రగు. చేరు బాటంస్చం ఆచు వంలజగు దెంహి బచ్గిజ్ కవ్వచ ఉంలాపు. పుత్తు ఒగ్గనితే చా. నద్దుజు పా కవ్వచ ఉప్పాటి. లిగ్గెల్జు గొప్పాపు.

ముందు ఏ హల్లు ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెడుతూ లెక్కించండి. వత్తుల్నీ లెక్కలో వేసుకోండి. మీ లెక్క సరిగ్గా ఉంటే ప 11, గ 9, చ 7, వ 5, ల, జ చెరో 4 వస్తాయి. మొత్తం 60 హల్లులు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్‌కిందీ అనే పండితుడు రాసిపెట్టిన కిటుకు ఇదే: ఆ భాషలో మామూలు రాత ఒకటి తీసుకుని అక్షరాలు లెక్కపెట్టు, రహస్యపు రాతలోనూ లెక్కపెట్టు, రెంటినీ పక్కపక్కన పెట్టు. అక్షరం వేషం మార్చినా అది వచ్చే సంఖ్య మారదు. తెలుగులో ఎక్కువగా తిరిగే హల్లులు న, ర, ల, క. కాబట్టి ప, గ, చలు ఆ గుంపులోవే అయ్యుండాలి.

చీటీ చిన్నది కాబట్టి లెక్క ఒక్కటే దారి చూపించదు. అసలు బలం తర్వాతి మెట్టులో ఉంది.

మూడో మెట్టు: పదాల చివర్లు చూడండి

ఇంగ్లీషు కన్నా తెలుగు చీటీ విప్పడమే తేలికని నా అభిప్రాయం. విభక్తులూ క్రియల తోకలూ పదం చివరే వచ్చి కూర్చుంటాయి, అదీ మళ్లీ మళ్లీ.

'గు'తో ముగిసే పదాలు మూడున్నాయి: పాప్పగు, మెర్రగు, వంలజగు. తెలుగులో ఉకారంతో ఇంత తరచుగా ముగిసేవి కు, ను, లు, రు, డు. 'పు'తో ముగిసేవి రెండు: ఉంలాపు, గొప్పాపు. వీటిలో పు ముందు ఆకారం ఉంది. వెళ్తాను, వచ్చాను, తిన్నాను. 'పు' అంటే 'ను' అని వేసి చూడండి. లెక్కలో ప మొదటి స్థానంలో ఉంది కాబట్టి అదీ కలిసొచ్చింది. 'గు'ని 'కు' అనుకోండి.

పాప్పగు ఏమైంది? నాన్నకు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రెండు హల్లులు ఊహించగానే చీటీలో మొదటి మాట పూర్తిగా బయటపడింది. ఇక్కణ్నుంచి ఒకటి రెండోదాన్ని లాక్కొస్తుంది. పా అంటే నా. గొప్పాపు అంటే కొన్నాను. ఉప్పాటి అంటే ఉన్నా-ఏదో-ఇ, అంటే ఉన్నాయి, ట అంటే య. ఉంలాపు అంటే ఉంటాను, ల అంటే ట. ఆ ట తీసుకెళ్లి లిగ్గెల్జులో వేస్తే టిక్కెట్ దాకా వచ్చేస్తుంది, మిగిలింది 'లు', జ అంటే ల.

వంలజగు ఇప్పుడు ఏదో-ంటలకు. గంటలకు, వంటలకు, పంటలకు మూడూ సరిపోతాయి. ఇలా రెండు మూడు దారులు కనబడినప్పుడు పెన్సిల్‌తో పక్కన రాసుకుని ముందుకెళ్లండి, అక్కడే కూర్చోవద్దు. 'కవ్వచ' రెండుసార్లు వచ్చింది, ఒకసారి 'నా' తర్వాత. మధ్యలో ద్విత్వం ఉన్న మూడక్షరాల మాట, 'నా' తర్వాత. నా దగ్గర! క అంటే ద, వ అంటే గ, చ అంటే ర. దాంతో వంటలు, పంటలు రెండూ పోయి గంటలకు మిగిలింది. దానికి ముందున్న 'ఆచు' ఆరు అయింది. ఆరు గంటలకు. చేరు అంటే రే-ఏదో-ఉ, రేపు. మెర్రగు అంటే ఏదో-ఎప్పకు. నాన్నకు చెప్పకు!

ఆ తర్వాత పుత్తు, ఒగ్గనితే, చా, నద్దుజు మీరే పూర్తి చేసుకోగలరు. బాటంస్చంలో య, ర పడగానే సాయంత్రం అని తెలిసిపోతుంది, బ అంటే స అని తేలుతుంది.

ఒక్క మాట మాత్రం వేరుగా ఉంది: బచ్గిజ్. చీటీ మొత్తంలో పొల్లుతో ముగిసిన పదం అదొక్కటే. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనో సున్నాతోనో ముగుస్తాయి. చివర పొల్లు ఉందంటే అది ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట అయ్యుంటుందని, ఒక్క అక్షరం తెలియకుండానే చెప్పేయొచ్చు. మీ దగ్గరున్న అక్షరాలు వేస్తే సర్కిల్ వస్తుంది. దాని ముందు దెంహి. నద్దుజు అంటే డబ్బులు, అక్కడ ద అంటే బ అని తేలింది కదా, బెం-ఏదో-ఇ సర్కిల్. విజయవాడలో ఆటో ఎక్కినవాళ్లెవరైనా నింపేస్తారు.

నాన్నకు చెప్పకు. రేపు సాయంత్రం ఆరు గంటలకు బెంజి సర్కిల్ దగ్గర ఉంటాను. నువ్వు ఒక్కడివే రా. డబ్బులు నా దగ్గర ఉన్నాయి. టిక్కెట్లు కొన్నాను.

పాపం నాన్న.

నాలుగో మెట్టు: కీల సంఖ్య చూసి మోసపోవద్దు

18 హల్లుల్ని తారుమారు చేయడానికి ఎన్ని పట్టికలు సాధ్యం? (రహస్యాన్ని తెరిచే ఈ పట్టికనే కీ అంటారు.) సుమారు 64 కోట్ల కోట్లు. సెకనుకి పది లక్షల పట్టికలు పరీక్షించే యంత్రం పెట్టినా అన్నీ చూడటానికి దాదాపు 200 ఏళ్లు పడుతుంది. మీకు అరగంట పట్టింది. ఇంగ్లీషు 26 అక్షరాలకైతే 4 పక్కన 26 సున్నాలు పెట్టినంత సంఖ్య వస్తుంది. దాన్నీ వార్తాపత్రికల్లో పజిల్‌గా వేస్తారు, జనం కాఫీ తాగుతూ విప్పుతారు.

ప్రాజెక్టు వైవాలో 'మా సైఫర్‌కి ఇన్ని కోట్ల కీలున్నాయి, బ్రూట్ ఫోర్స్ అసాధ్యం' అని చెప్పేవాళ్లకి నా సలహా: ఆ వాక్యం తీసేయండి. వరసపెట్టి వెతికేవాడికే కీల సంఖ్య అడ్డు. విప్పేవాడు వరసపెట్టి వెతకడు. ఒక అక్షరం ఎక్కడొచ్చినా ఒకే వేషంలో వస్తుంది కాబట్టి ఎన్నిసార్లు వచ్చింది, దేని పక్కన వచ్చింది, ద్విత్వంగా వచ్చిందా, పదం చివర వచ్చిందా అన్నవన్నీ చెక్కుచెదరకుండా మిగిలిపోతాయి. అతనికి అవి చాలు.

'అయితే కాస్త కష్టం చేద్దాం' అని అందరికీ తోస్తుంది. అక్షరాలకి బదులు చుక్కలు, త్రికోణాలు వాడితే? ఏమీ మారదు, లెక్కపెట్టడానికి త్రికోణమైనా ఒకటే. పదాల మధ్య ఖాళీలు తీసేస్తే? కొంచెం ఆలస్యం అవుతుంది, అంతే. గుణింతాలూ మారిస్తే? చీటీ ఇంకాస్త పొడవుగా కావాలి. ఎక్కువగా వచ్చే అక్షరానికి నాలుగైదు గుర్తులు పెట్టి, మధ్యలో అర్థంలేని గుర్తులు చల్లితే? స్కాట్లాండ్ రాణి మేరీ ఉత్తరాల్లో ఇలాంటి హంగులు కొన్ని ఉండేవి. 1586లో ఇంగ్లండ్ గూఢచారుల దగ్గర పనిచేసే థామస్ ఫెలిప్స్ వాటిని విప్పాడు, ఆ ఉత్తరాలే విచారణలో సాక్ష్యమయ్యాయి, 1587 ఫిబ్రవరిలో ఆమె తల తీశారు. ఒక పట్టిక బదులు వంతులవారీగా అనేక పట్టికలు వాడే విజినేర్ పద్ధతినీ ఎలా విప్పాలో జర్మన్ సైనికాధికారి కసిస్కీ 1863లో అచ్చువేశాడు.

ఐదో మెట్టు: ఇదే కన్నుతో మీ డేటాని చూడండి

కంప్యూటర్‌లోకి వచ్చేసరికి విప్పేవాడి పని ఇంకా సులువవుతుంది, ఎందుకంటే అక్కడ సగం సంగతులు ముందే తెలుసు. ఒక కొట్టు కస్టమర్ల జాబితాలో అంకెలన్నీ రహస్య పట్టికతో మార్చి దాచారనుకోండి. పిన్‌కోడ్ గడి ఒకటుంది. విజయవాడ అయితే 520తో, గుంటూరు వైపు అయితే 522తో మొదలవుతుంది. 5, 2, 0 ఉచితంగా వచ్చేశాయి. మొబైల్ నంబరు 6, 7, 8, 9లలో ఒకదానితోనే మొదలవుతుంది. తేదీ గడిలో సంవత్సరం తెలిసిందే. చీర ట్యాగులకి పట్టినంత సమయం కూడా పట్టదు.

బైట్లు మార్చేస్తున్నాం కదా, 256 గుర్తులున్నాయి కదా అంటారా? తెలుగు రాతకి అది మరీ అన్యాయం. కంప్యూటర్లు అక్షరాల్ని బైట్లుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ 224. రెండోది 176 లేదా 177. అంటే తెలుగు మాటల్లో ప్రతి మూడో బైటూ ఒకటే. పట్టిక ఎంత గజిబిజిగా ఉన్నా ఆ వరస ఫైల్ తెరవగానే కనబడిపోతుంది. ఇక డేటాని మామూలు అక్షరాల్లోకి మార్చి రాసే బేస్64 సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి కీ కూడా లేదు, అది ఎన్‌క్రిప్షనే కాదు.

మీ ప్రాజెక్టునో, మీరు కొన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌నో పరీక్షించడానికి ఒక చిన్న పని చేయండి. ఒకే విలువని, ఉదాహరణకి ఒకే ఫోన్ నంబరుని, ఇద్దరు వేర్వేరు కస్టమర్ల పేరు మీద ఎక్కించండి. డేటాబేస్‌లో నిల్వైన సంకేతాలు రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయా? ఉంటే లోపల పెద్ద పేరున్న సైఫరే వాడినా మీ చేతిలో ఉన్నది ఆ చీటీకి అన్నే. 2013లో అడోబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి బయటపడిన కోట్ల ఖాతాల్లో జరిగింది ఇదే. పాస్‌వర్డ్‌లని ట్రిపుల్ డెస్ అనే సైఫర్‌తో ఎన్‌క్రిప్ట్ చేశారు గానీ ఇసిబి పద్ధతిలో చేశారు, ఒకే ముక్కకి ప్రతిసారీ ఒకే సంకేతం. పక్కనే పాస్‌వర్డ్ గుర్తుకు రావడానికి జనం రాసుకున్న హింట్‌లు మామూలు అక్షరాల్లో ఉన్నాయి. ఒకే సంకేతం ఉన్న వేలమంది హింట్‌లు కలిపి చదివితే పాస్‌వర్డ్ ఏమిటో తెలిసిపోయేది, కీ అక్కర్లేకుండానే.

ఆరో మెట్టు: బదులు ఏం వాడాలి

తమాషా ఏమిటంటే, ఇప్పుడు ప్రపంచమంతా వాడే ఏఈఎస్ అనే సైఫర్ లోపల కూడా ఒక అక్షర మార్పిడి పట్టిక ఉంది. 256 గడుల పట్టిక, ఎస్-బాక్స్ అంటారు. అది రహస్యం కూడా కాదు, 2001లో అమెరికా ప్రమాణంగా అచ్చువేసి అందరికీ ఇచ్చారు. తేడా ఎక్కడంటే, మార్చి అక్కడితో ఊరుకోరు. మార్చిన బైట్లని వరసలు జరుపుతారు, ఒకదాన్ని ఇంకోదానితో కలుపుతారు, కీ కలుపుతారు, మళ్లీ మారుస్తారు. 128 బిట్ల కీ అయితే ఇలా పది రౌండ్లు. చివరికి లోపలికి పంపిన 16 బైట్లలో ఒక్క బిట్టు మారితే బయటికొచ్చే బిట్లలో దాదాపు సగం మారిపోతాయి. లెక్కపెట్టడానికి వరస మిగలదు. మార్చడం ఒక్కటే చాలదని, కలపడం కూడా కావాలని గణితవేత్త క్లాడ్ షానన్ 1949లోనే సిద్ధాంతం చేసిపెట్టాడు.

కోడ్ రాసేవాళ్లయితే సొంత సైఫర్ జోలికి పోకండి. మీ భాషలో పేరున్న క్రిప్టో లైబ్రరీ తీసుకుని ఏఈఎస్-జీసీఎమ్ వాడండి, ప్రతి ఎన్‌క్రిప్షన్‌కి కొత్త నాన్స్ (ఒక్కసారే వాడే సంఖ్య) ఇవ్వండి. ఒకే విలువ రెండుసార్లు వచ్చినా రెండు వేర్వేరు సంకేతాలు రావడానికి ఆ నాన్సే కారణం, అది మళ్లీ వాడితే మొత్తం పోతుంది. పాస్‌వర్డ్‌లని మాత్రం ఎన్‌క్రిప్ట్ చేయకూడదు, ఆర్గాన్2 గానీ బీక్రిప్ట్ గానీ పెట్టి సాల్ట్‌తో హ్యాష్ చేయాలి, అంటే ప్రతిదానికీ వేరే ముక్క (సాల్ట్) కలిపి వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చాలి.

కోడ్ రాయని కొట్టువాళ్లకి: ఎక్సెల్‌లో 'ప్రొటెక్ట్ షీట్' అన్నది తాళం కాదు, పొరపాటున గడులు చెరిగిపోకుండా చూసే ఏర్పాటు. ఫైల్ మెనూలోకి వెళ్లి 'ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్' పెట్టండి, 2007 నుంచి వచ్చిన .xlsx ఫైళ్లలో అది ఏఈఎస్. పాస్‌వర్డ్ మాత్రం కొట్టు పేరో దేవుడి పేరో కాకుండా, సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పెట్టండి. వెంకటరమణని ఎంత తొందరగా పట్టుకున్నారో చూశారుగా.

కీ ఎక్కడ పెట్టాలన్నది ఆఖరి ప్రశ్న. శత్రువుకి మన పద్ధతి అంతా తెలుసనే అనుకోవాలని, దాచాల్సింది కీ ఒక్కటేనని భాషావేత్త కెర్కాఫ్స్ 1883లో రాశాడు. కాబట్టి కీని సోర్స్ కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లోకి ఎక్కించకండి, డేటా ఉన్న పెన్‌డ్రైవ్‌లోనే కీ కూడా పెట్టకండి. ఒక కాపీ కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టండి. ఏఈఎస్ కీ పోతే ఈ చీటీలా పెన్సిలు పట్టుకుని విప్పడం మీ వల్లా కాదు, ఇంకెవరి వల్లా కాదు.